నన్నూరు దిక్కు మూడు సెంట్లా, సీ క్యాంపులో మూడో అంతస్తా?

హంద్రీ గట్టు
నెల రోజులుగా ఇంట్లో ఇదే పంచాయితీ. మాది కర్నూలు. నాయన ఊరి బయట నన్నూరు దిక్కు వెంచర్లో మూడు సెంట్లు కొనమంటాడు. నా మనసేమో సీ క్యాంపు రైతు బజార్ దగ్గర పాత ఇల్లు పడగొట్టి కట్టిన మిద్దెలో మూడో అంతస్తు మీదుంది. రెండు బెడ్‌రూములు, లిఫ్ట్ లేదు. ఆ ప్లాటులో ఇల్లు కూడా కట్టుకుంటే రెండూ ఇంచుమించు ఒకే ఖర్చు. నా పని కొత్త బస్టాండు దగ్గర, మా ఇంటామెది పెద్దాసుపత్రి దగ్గర. మీ అనుభవం చెప్పండప్పా.

రాళ్లు పాతిన ప్లాటు
అన్నా, మేము 2017లో అట్లాంటి వెంచర్లోనే కొన్నాం. మొత్తం ఇరవై ఏడు ప్లాట్లు, ఈ రోజుకీ ఇండ్లు ఆరే. మిగతావాళ్లంతా రేటు పెరిగితే అమ్ముకుందామని రాళ్లు పాతి పోయినారు. ఆరు ఇండ్ల కోసం బస్సు ఎవడేస్తాడు? షేర్ ఆటో మెయిన్ రోడ్డు మీదనే దింపిపోతాది, ఆడి నుంచి కిలోమీటరున్నర నడక. రాత్రి ఎనిమిది దాటితే ఆటో కూడా దొరకదు. అందుకని ఒక బండి ఉన్నోళ్లం రెండు కొన్నాం, పాప కాలేజీకి పోతానే మూడోది. మూడు బండ్ల కంతులు, పెట్రోలు కలిపితే టౌన్లో మంచి ఇంటి బాడిగ వస్తాది. ప్లాటు చవకే, కాదనను.

ఇంకోటి: ఎండాకాలం బోరు ఆగిపోతే ట్యాంకరోడు కూడా "అంత దూరమా" అంటాడు.

రెండో డ్యూటీ
నేను పెద్దాసుపత్రిలో నర్సును, దగ్గర్లోనే బుధవారపేటలో బాడిగకుంటా. ఇల్లు చిన్నది, గాలి తక్కువ. అయినా నైట్ డ్యూటీ అయినాక నడిచి వచ్చేస్తా, ఎవరికీ ఫోన్ చేసే పని లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం అయింది కదా, మా తోటి సిస్టర్ ఒకామె వెంచర్ నుంచి వస్తాది, ఆమెకు మాత్రం ఏం కలిసి రాలేదు. బస్సు ఆగే చోటికి రావడానికే ఆటోకు ఇచ్చుకోవాల.

ప్లాన్లు గీసేటోడు
ఈ వాదన నాకు రోజూ ఉండేదే. ఒక లెక్క చూడండి. ఒక సెంటంటే 435 చదరపు అడుగులు. ఇదివరకు టౌన్లలో పేదలకు ఇచ్చిన పట్టా ఆ ఒక్క సెంటే. ప్రభుత్వం పేదలకు కట్టించిన టిడ్కో ఇండ్లు 300, 365, 430 చదరపు అడుగులు, కింద ఒకటి, పైన మూడు అంతస్తులు. అంటే ఒక పట్టా అంత జాగాలో, మెట్లకు కొంచెం కలుపుకుంటే, నాలుగు కుటుంబాలు ఉండొచ్చు. కట్టే విధానం మనకు తెలీక కాదు. కానీ మన ఊర్లో వాటిని తీసుకపోయి ఊరి బయట జగన్నాథగట్టు కొండ మీద పెట్టినారు. అదే ఊర్లోనే, నంద్యాల చెక్‌పోస్టు లోపల, బస్సులు తిరిగే రోడ్ల వెంట కట్టి ఉంటే?

ప్రైవేటుగా కట్టుకుందామంటే వేరే తిప్పలు. రెండున్నర సెంట్ల పాత ఇంటోళ్లు నా దగ్గరికొస్తారు, పైన బాడిగకు రెండు పోర్షన్లు వేద్దామని. నాలుగు పక్కల ఖాళీ వదిలి, మెట్లకు జాగా తీసేస్తే గీయడానికి పెద్దగా ఏం మిగలదు. అనుమతి దొరకదని దొంగగా లేపేస్తారు, తర్వాత నోటీసులు. బస్సు రోడ్డుకు ఐదు నిమిషాల నడకలో ఉండే చిన్న స్థలాలకన్నా ఈ ఖాళీ వదిలే నిబంధన సడలించాలనేది నా మాట. నీళ్ల పైపు, మురుగు కాలువ, వీధి దీపం ఆడ ముందే ఉండాయి. ఊరికి నీళ్లిచ్చే మునగాలపాడు ట్యాంకు నుంచి ప్రతి కొత్త వెంచరుకూ నీళ్లు మోయాలంటే పైపు ఖర్చు ఎవరి మీద పడతాది? మన ఇంటి పన్ను మీదనే.

వన్ టౌన్ పాతకాపు
అంతా బాగుంది గానీ, 2009 అక్టోబర్ 2 మర్చిపోవద్దు సామీ. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి ఊర్లోకి వచ్చినాయి. మేము పక్కింటోళ్ల మిద్దె మీద రెండు రాత్రులు కూర్చున్నాం, పదిహేడు మంది. మిద్దె ఉండబట్టే బతికినామనుకో, అది నీ వాదనకే పనికొస్తాది. కానీ ఊరి నడుమ అని చెప్పి హంద్రీ ఒడ్డున అంతస్తులు లేపితే ఒప్పుకోను. మిట్ట ప్రాంతం చూసి కట్టండి, కింది అంతస్తులో మనుషుల్ని పెట్టకండి.

అనంతపురం నుంచి
మాది రుద్రంపేట దగ్గర అపార్టుమెంటు. బస్టాండుకు దగ్గరే. కానీ మోటారు కాలిపోతే పన్నెండు ఇండ్లోళ్లు డబ్బులు వేసుకోడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. అది కూడా ఆలోచించుకో.

హంద్రీ గట్టు
అందరికీ దండాలు. నిన్న నాయనను రెండు చోట్లకూ తీసుకపోయినా, బండి మీద కాదు, షేర్ ఆటోలో. వెంచర్ నుంచి తిరిగొచ్చేటప్పుడు రోడ్డు మీద ముప్పావు గంట నిలబడినాం. ఆయన ఏమీ అనలేదు. సీ క్యాంపులో మాత్రం మెట్లు లెక్కపెట్టినాడు. "యాభై నాలుగు. మీ అమ్మ మోకాళ్లకు చెప్పు ఈ మాట" అన్నాడు. అదే మిద్దెలో మొదటి అంతస్తు ఇంకా ఖాళీ ఉంది, మూడు లక్షలు ఎక్కువంటున్నాడు. పైన ఎవరూ చేరకముందే మోటారు, ట్యాంకు ఖర్చుల మీద రాతకోతలు ఎట్లా పెట్టుకోవాలో, అనంతపురం అన్నా, కొంచెం వివరంగా రాస్తావా?