పాత కారు కొన్నాను, ముందు ఏ పనులు చేయించాలి?

ఈ మధ్యే 12 ఏళ్ల పాత పెట్రోల్ కారు కొన్నాను. 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. సర్వీస్ రికార్డులు ఏవీ లేవు. అన్నీ ఒకేసారి చేయించే స్తోమత నాకు లేదు. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు ఎలాగూ మార్పిస్తాను. అసలు టెన్షన్ టైమింగ్ బెల్ట్ (ఇంజిన్‌లో వాల్వులు, పిస్టన్లు సరైన సమయంలో కదిలేలా చూసే బెల్ట్) గురించే. ఎప్పుడు మార్చారో తెలియదు. నడుస్తుండగా తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజినే పోతుందని మెకానిక్ భయపెట్టాడు. దానితోపాటే వాటర్ పంప్ కూడా మార్పించడం మంచిదా?

బ్రేకులు బాగానే పడుతున్నాయి కానీ బ్రేక్ ఆయిల్ నల్లగా ఉంది. టైర్ల మీద 3217 అని ఉంది, అంటే 2017లో 32వ వారంలో తయారైనవి. అరుగుదల తక్కువే, పక్కల మాత్రం సన్నటి పగుళ్లున్నాయి. పిల్లలు ఎక్కే బండి కాబట్టి ముందు ఇవే చేయించాలనిపిస్తోంది. బెల్ట్‌ పని రెండు నెలలు ఆపొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.