అప్‌డేట్: పాప పుట్టింది, మాయ (ప్లాసెంటా) సంగతి అమ్మకు చెప్పేశాం

పోయిన నెల అడిగాను కదా, న్యూజిలాండ్‌లో రోటొరువాలో ఉన్న మా తమ్ముడి భార్య అక్కడి మూలవాసులైన మావోరీల అమ్మాయి, కాన్పయ్యాక మాయను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకుని వాళ్ల పూర్వీకుల నేలలో పాతిపెడతారట, అమ్మకు ఎలా చెప్పాలి అని. పాప పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం!

వీడియో కాల్‌లో మా మరదలే అమ్మకు చెప్పింది. వాళ్ల భాషలో మాయకూ నేలకూ ఒకటే మాట, ఫెనువా, బిడ్డ ఏ మట్టికి చెందిందో ఆ మట్టికే దాన్ని తిరిగి ఇస్తారట. నేను టెన్షన్‌తో చూస్తుంటే అమ్మ "మా అమ్మమ్మ వాళ్లూ పెరట్లో పాతేవాళ్లే, ఇందులో వింతేముంది తల్లీ" అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

పాప బొడ్డుకు ప్లాస్టిక్ క్లిప్ బదులు హరకెకె అనే అక్కడి మొక్క నారతో పేనిన దారం కట్టారు. మాయను పాతేటప్పుడు కరకియా, అంటే ప్రార్థన, తమ్ముడి మామగారు చదివారు, అమ్మ ఫోన్‌లోనే దండం పెట్టుకుంది.

పాప ఫొటో మాత్రం నేను తొందరపడి బంధువుల గ్రూపులో పెట్టేశాను, అప్పటికి మా మరదలి నాయనమ్మకు కబురే అందలేదు. ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. ఆవిడ పాపను "మోకో" అంటోంది, వాళ్లలో మనవల్ని ముద్దుగా అలా పిలుస్తారు. ఇప్పుడు అమ్మ కూడా అలాగే పిలుస్తోంది.