ఇడియమ్‌ని గుర్తుపట్టడానికి రూల్ ఉందా, బట్టీ పట్టాల్సిందేనా?

నీలిసిరా: మొన్న వీడియో కాల్‌లో ఒకాయన ఉద్యోగం మారే సంగతి చెబుతూ 'ఐ గాట్ కోల్డ్ ఫీట్' అన్నాడు. సాక్స్ వేసుకోండి అన్నాను. ఒకటే నవ్వులు. చివరి నిమిషంలో జంకానని ఆయన భావమట. అన్నీ తెలిసిన మాటలే, అర్థం మాత్రం తెలియలేదు. ఇలాంటివి పట్టుకునే రూల్ ఏదైనా ఉందా?

పాతపలక: లేదండీ, బట్టీయే. 'కిక్ ద బకెట్' అంటే చనిపోవడం. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ వేసిన నిఘంటువులోనే ఉంది. బకెట్‌కీ చావుకీ ముడి ఎక్కడో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. ఇక రూలేంటి?

తర్కం: ఒప్పుకోను. మాటని కాస్త కదిపి చూడండి. 'ద బకెట్ వజ్ కిక్డ్' అంటే ఎవరో నిజంగానే బకెట్‌ని తన్నారు, ఎవరూ పోలేదు. 'బకెట్స్' అన్నా అంతే. మనకీ ఉంది: 'చేతులెత్తేశాడు' అంటే నావల్ల కాదన్నాడని. 'కుడి చెయ్యి ఎత్తేశాడు' అనండి, ఉత్త చెయ్యే మిగులుతుంది.

పాతపలక: మరి 'స్పిల్ ద బీన్స్' అంటే గుట్టు బయటపెట్టడం కదా? 'ద బీన్స్ వర్ స్పిల్డ్' అని తిప్పి చెప్పినా గుట్టు బయటపడిందనే అర్థం. మీ రూలు అక్కడే బోర్లాపడింది.

తర్కం: సగం ఒప్పుకుంటా. అక్కడ 'స్పిల్' అంటే బయటపెట్టడం, 'బీన్స్' అంటే గుట్టు. అర్థంలో ఏ మాట వాటా దానికి దక్కింది, అందుకే తిప్పినా నిలబడింది. బకెట్‌కి వాటా లేదు. నన్‌బర్గ్, సాగ్, వాసో అనే భాషావేత్తలు 1994లో 'లాంగ్వేజ్' పత్రికలో చెప్పిన తేడా ఇదే.

వినికిడి: ఈ పరీక్షలన్నీ అర్థం ముందే తెలిసినవాళ్లకి. ఎదుటివాడు మాట్లాడుతుంటే కర్మణి ప్రయోగం చేసి చూసే తీరిక ఎవరికుంది? నేను చూసేది ఒక్కటే, మాటకి మాట అర్థం ఆ సందర్భంలో పొసుగుతుందా అని. ఉద్యోగం కబుర్ల మధ్య పాదాలెందుకొస్తాయి? అయితే మనకున్నట్టే కనిపించేవి మాత్రం ముంచుతాయి. 'పుల్లింగ్ యువర్ లెగ్' అంటే ఆటపట్టించడం. మనకి కాళ్లు పట్టి లాగడమంటే పైకి రానీయకపోవడం. ఆ మాట అన్న కొలీగ్‌తో రెండు రోజులు మాట్లాడలేదు నేను.

నీలిసిరా: వినికిడి గారూ, సందర్భం చూశానండీ. ఆయన అంతకుముందు ఐదు నిమిషాలు వాళ్ల ఊళ్లో కురుస్తున్న మంచు గురించే చెప్పాడు!