సమస్యాపూరణం: “మండు పొయ్యి చెంత మంచు కురిసె”

నిర్వాహకులు: పై పాదం ఆటవెలదిలో నాలుగోది, ముందు మూడు పాదాలు మీరు కూర్చాలి. చలి సముద్రంలో సాగే తెరచాప ఓడ, అందులోని రోజువారీ బతుకు వస్తువుగా ఉండాలి. పొయ్యి మండుతూ ఉండాలి, మంచు నిజంగా రాలాలి. కల అనో భ్రమ అనో దాటవేయవద్దు.

చుక్కాని:

ఆవిరెగసి తాకె నతిశీతలపు మేకు
తలలఁ బేరి రేయి దళముఁ గట్టె
వంటవేళఁ గరఁగి పక్కపై చినుకులై
మండు పొయ్యి చెంత మంచు కురిసె

నిర్వాహకులు: యతులు (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత అక్షరాలు) నాలుగూ కుదిరాయి. మూడో పాదంలో వ–ప మైత్రి చక్కగా ఉంది. అన్నిటికంటే నాకు నచ్చింది “మేకు తలలు”. కొయ్య చలిని లోపలికి అంత త్వరగా రానీయదు. ఓడ పైతట్టు (డెక్) లోంచి దిగిన ఇనుప మేకు మాత్రం బయటి చలిని నేరుగా లోపలికి తెస్తుంది. నిద్రపోయేవాళ్ల ఊపిరి, కుండల ఆవిరి మొదట పేరుకునేది అక్కడే.

లంగరు: పొయ్యి వల్ల కూడా తేమ పుడుతుంది. పొగగొట్టం లేని పొయ్యిలో కిలో కిరోసిన్ మండితే కిలోకు పైగా నీరు ఆవిరై గదిలోనే ఉండిపోతుంది. అందుకే గొట్టం ఉన్న పొయ్యి కావాలి, కుండకు మూత కావాలి, మేకు తలలపై కొయ్య బిరడాలు కొట్టాలి. పరుపు కింద గాలి ఆడటానికి కొయ్య బద్దలు వేయాలి. ఉప్పునీట తడిసిన ఉన్ని బట్టలను పొయ్యి పక్కన ఎంత ఆరబెట్టినా మళ్లీ చెమ్మగిల్లుతాయి, ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది కనుక. ముందు మంచినీట జాడించాలి. ఆ మంచినీరే ఓడలో కరువు.

తెడ్డు:

పై కవాటమింత బార్లగాఁ దెరువంగఁ
దొలుచు గాలితోడ దూకి లోనఁ
బొడిగ రాలి తడిసె బొగ్గులు, వంటింట
మండు పొయ్యి చెంత మంచు కురిసె

నిర్వాహకులు: బొగ్గులు తడిశాక పొయ్యి మండుతోందంటే అన్వయం చెడుతుంది. “బొడిగ రాలి సెగకు బుసకొట్ట, వంటింట” అంటే గణాలు నిలుస్తాయి, పొయ్యీ ఆరదు.

లంగరు: కవాటం (పైతట్టు తలుపు) బార్లా తెరవడం పొరపాటే. గాలి చాటు వైపు రెండు వేళ్ల సందు చాలు, గాలి లోనికి రావడానికి ఇంకో చిన్న దారి ఉంటే. అలాగని అన్నీ మూసేయకూడదు. పెద్ద తెరచాప మీదనుంచి కిందికి జారే గాలి పొగను గొట్టంలోకి తిరిగి నెడుతుంది. దానితో వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

తెడ్డు: సవరణ తీసుకున్నాను, ధన్యవాదాలు.

కొయ్యగూటం:

కడలిఁ దేలు మంచు ముక్కలఁ బడవతో
నోడమీద నునిచి యుప్పు కార్చి
రాగి కాఁగునందు రాల్చ ముక్కలుగాను
మండు పొయ్యి చెంత మంచు కురిసె

1773 జనవరిలో దక్షిణ సముద్రంలో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ కుక్ ‘రిజల్యూషన్’ ఓడ దించిన మూడు పడవలు ఐదారు గంటల్లో తెచ్చిన మంచు నుంచి 15 టన్నుల మంచినీరు వచ్చింది. ఆ మంచును తట్టు మీద కాసేపు ఉంచితే అంటుకున్న ఉప్పునీరంతా కారిపోయింది.

నిర్వాహకులు: వస్తువు అద్భుతం. కానీ మొదటి పాదంలో క–ము యతి చెల్లదు, పైగా “ముక్కలు” రెండుసార్లు వచ్చింది. “గడ్డలఁ” అంటే రెండు దోషాలూ పోతాయి.

చుక్కాని: కొయ్యగూటం గారూ, ఏ మంచో కూడా చూడాలి. మంచుకొండ నుంచి విరిగిన గడ్డ గట్టిగా, రాయిలా ఉంటుంది, అది మంచినీరే. సముద్రపు నీరు కొత్తగా గడ్డకట్టిన పొర మాత్రం ఉప్పగానే ఉంటుంది. ఇంకొకటి, ఖాళీ కాఁగులో మంచు వేస్తే గడ్డ ఆనని చోట అడుగు మాడుతుంది. రాగికి లోపల పూసిన కళాయి (తగరం) 232 డిగ్రీలకే కరుగుతుంది. ముందు నాలుగు చెంబుల నీరు పోసి, కాగాక ముక్కలు వేయాలి.

కొయ్యగూటం: అయితే “అందు” తీసి “నీట” వేస్తాను, గణం మారదు.

కడలిఁ దేలు మంచు గడ్డలఁ బడవతో
నోడమీద నునిచి యుప్పు కార్చి
రాగి కాఁగు నీట రాల్చ ముక్కలుగాను
మండు పొయ్యి చెంత మంచు కురిసె