అప్‌డేట్: పాత సీడీ ప్లేయర్ బాగుచేయాలా, కొత్తది కొనాలా?

ప్లేయర్ పాటలు దాటేస్తోందని, ఇంట్లో రాసుకున్న సీడీ-ఆర్‌లను అసలు గుర్తుపట్టట్లేదని అడిగాను కదా. బాగుచేయడమే మంచిదైంది.

99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కాస్త తడిపిన దూదిపుల్లతో లెన్స్‌ని నొక్కకుండా తుడిచాక కంపెనీ సీడీలు కుదురుకున్నాయి, చివరి పాటలు తప్ప. సీడీని లేజర్ లోపలి నుంచి బయటి అంచుకు చదువుతూ పోతుంది. అందుకే చివర్లోనే తెగుతుంటే ముందు చూడాల్సింది పికప్ (లేజర్, లెన్స్ ఉండే భాగం) అటూ ఇటూ జారే కడ్డీని, దాన్ని కదిలించే పళ్ల చక్రాలని. అక్కడ గ్రీజు ఎండి తేనెరంగు జిగురులా పట్టేసి ఉంది. అదంతా గీకి తుడిచి, ప్లాస్టిక్‌ని తినేయని తెల్ల గ్రీజు బియ్యపు గింజంత రాస్తే సరిపోయింది.

సీడీ-ఆర్‌లు మాత్రం పికప్ మార్చాకే పాడాయి. వాటి నుంచి వెలుగు తక్కువగా తిరిగొస్తుంది, నీరసించిన లేజర్ ముందు తడబడేది అక్కడే. పికప్ మీది చిన్న స్క్రూ తిప్పి కరెంటు పెంచమని చాలామంది చెబుతారు. దయచేసి తిప్పకండి, కొన్నాళ్లు పాడి లేజర్ పూర్తిగా పోతుంది.

కొత్త పికప్‌లో స్థిర విద్యుత్ తగలకుండా ఒక సోల్డర్ చుక్క ఉంటే, రిబ్బన్ కేబుల్ పెట్టాకే దాన్ని తీయాలి. మరిచిపోతే లేజర్ వెలగదు, డిస్క్ లేదనే చూపిస్తుంది.