ఎండిపోయిన ప్రార్థనా జీవితం మళ్లీ చిగురించాలంటే ఏం చేయాలి?

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులకు వందనాలు. గుంటూరు జిల్లాలోని ఒక లూథరన్ సంఘంలో పదకొండేళ్లుగా సండే స్కూల్ పిల్లలకు వాక్యం నేర్పిస్తున్నాను. రెండేళ్ల క్రితం నాన్నగారు ప్రభువునందు నిద్రించినప్పటి నుంచి, తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి మోకరిస్తున్నా, నోట మాటలు వస్తున్నాయే తప్ప మనసు కదలడం లేదు. ఆయన ఎర్ర పెన్సిలుతో గీతలు గీసుకున్న కీర్తనలు తెరిచి కూర్చుంటాను. ఆ గీతలు చూస్తే కన్నీళ్లు వస్తాయి గాని, వాక్యం మాత్రం లోపలికి దిగదు.

ఈ సంగతి చెప్పుకుంటే చాలామంది ఉపవాసం ఉండమన్నారు, దాచుకున్న పాపం ఏదైనా ఉందేమో చూసుకోమన్నారు. రెండూ చేశాను. అయితే మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో, చావు కోరుకుని బదరీవృక్షం కింద పడుకున్న ఏలీయా ప్రవక్తను దేవుడు గద్దించలేదు. దూతను పంపి రెండుసార్లు భోజనం పెట్టించి, నిద్రపోనిచ్చి, ఆ తరువాతే హోరేబు కొండ వరకు నడిపించాడు. 88వ కీర్తనైతే ఊరట మాటేదీ లేకుండా చీకటిలోనే ముగుస్తుంది. కనుక నా ఈ ఎండిన స్థితి పాపానికి శిక్షేనన్న మాటను నేను ఒప్పుకోలేకపోతున్నాను.

ఇటువంటి కాలాన్ని దాటి వచ్చినవారు దయచేసి చెప్పండి. కొన్నాళ్లు సేవకు విరామం ఇవ్వడం మీకు మేలు చేసిందా, లేక సేవలో ఉంటూనే ఊరట దొరికిందా? సొంత మాటలు రానప్పుడు కీర్తనలనే ప్రార్థనగా చదవడం తోడ్పడిందా? ప్రతి ఆదివారం ఎదురుగా కూర్చునే ఆ పిల్లలకు, నాలో లేని ఆనందాన్ని గురించి నేను ఏమని చెప్పాలి?