అప్‌డేట్: 40 శాతం వైకల్యం లేకపోయినా పాపకు స్క్రైబ్ ఇచ్చారు (అమలాపురం దగ్గర)

పదో తరగతి చదివే మా పాపకు కుడిచేతి బలహీనత. వైకల్య సర్టిఫికెట్‌లో 30 శాతమే ఉందని, 40 ఉంటే తప్ప స్క్రైబ్ (పరీక్షలో పాప చెప్పింది రాసిపెట్టే మనిషి) కుదరదని స్కూల్లో అన్నారని అప్పట్లో ఇక్కడ అడిగాను. పని అయింది. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్.

మాకు పనికొచ్చింది 2022 ఆగస్టు నాటి కేంద్ర మార్గదర్శకాలు. వైకల్యం 40 శాతం లోపున్నా, రాయడం కష్టమని ప్రభుత్వ వైద్యుల బృందం ధ్రువీకరిస్తే స్క్రైబ్‌తో పాటు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని వాటిలో ఉంది. 2021లో వికాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత వచ్చినవే ఇవి. ఆ మార్గదర్శకాల కాపీ జతచేసి హెడ్‌మాస్టర్ గారి ద్వారా జిల్లా విద్యాశాఖకు పంపించాం.

ఆ ధ్రువీకరణ కోసం వెళ్తే, ఆసుపత్రిలో డాక్టర్ గారు పాప చేత రాయించారు. అర పేజీ దాటేసరికి అక్షరాలు గీత కిందికి జారిపోయాయి, బొటనవేలు బిగుసుకుపోయింది. ‘ఇక చాల్లేమ్మా’ అని ఆయనే పెన్ను తీసేసుకున్నారు.

శాతం పెంచమని మళ్లీ సదరం క్యాంపుకి (వైకల్య శాతం తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ శిబిరం) వెళ్లడం, లాయర్ నోటీసు.. రెండూ అవసరం పడలేదు. క్లాసులో పక్కమ్మాయి నోట్సు జిరాక్స్ తీసుకోనిస్తున్నారు, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పేరెత్తాకే లెండి.

2022 మార్గదర్శకాల్లో, స్క్రైబ్‌ని మనమే తెచ్చుకుంటే ఆ మనిషి చదువులో మన పిల్లల కంటే ఒక మెట్టు కింద ఉండాలని ఉండేది. కింది తరగతుల వాళ్లలో చక్కగా రాసేవాళ్లను ముందే మాట్లాడి పెట్టుకోండి.